కళ్ళు మెరిస్తే చదువు వచ్చినట్టేనా?

పోయిన ఏడాది దీపావళి సెలవులు అయిపోయిన వారంలో ఒక సాయంత్రం మా పక్క బిల్డింగు అమ్మాయి ఒక ఫైలు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. వాళ్ళది వరంగల్ వైపు నుంచి సూరత్‌కి వలస వచ్చిన పద్మశాలి కుటుంబం. తండ్రి సాంచాల మీద పని చేస్తాడు. అమ్మాయి డి.ఎల్.ఎడ్. చదువుతోంది (ఇక్కడ జనం ఇంకా పి.టి.సి. అనే అంటారు). అంటే రేపటి పంతులమ్మ. ప్రాక్టీస్ టీచింగ్ కోసం లింబాయత్ ప్రాంతంలో ఒక తెలుగు బడికి పంపించారట. సూరత్‌లో తెలుగు బడి ఏమిటని ఆశ్చర్యపోయేవాళ్ళ కోసం ఒక మాట. ఇక్కడి మునిసిపల్ కార్పొరేషన్ గుజరాతీతో పాటు హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషు, తెలుగు మాధ్యమాల్లో కూడా బడులు నడుపుతోంది. నేత పనికి వచ్చిన మనవాళ్ళు ఈ ఊళ్ళో అంతమంది ఉన్నారు.

"తాతా, మీరు లెక్కల మనిషి గదా, ఈ లెక్క ఏడికెల్లి వచ్చిందో చెప్పుండ్రి" అని ఫైలు తెరిచి ఒక బొమ్మ చూపించింది. ఒక త్రికోణం, దాన్ని అడ్డంగా కోసిన అరలు. చదివినదాంట్లో 10 శాతం గుర్తుంటుంది, విన్నదాంట్లో 20 శాతం, చూసినదాంట్లో 30, చూసి విన్నదాంట్లో 50, మనం నోటితో చెప్పినదాంట్లో 70, చేతితో చేసినదాంట్లో 90 శాతం. ఈ బొమ్మని చార్టు మీద రంగులతో వేసి గోడకి తగిలించాలట. ప్రతి పాఠ్య పథకం మొదట్లో "కాబట్టి పిల్లలని పాల్గొనేలా చేసి, స్మార్ట్ బోర్డు వాడి బోధిస్తాను" అని రాయాలట.

డిఫెన్స్ అకౌంట్స్‌లో ముప్పై ఏళ్ళకి పైగా బిల్లులు చూసినవాడికి ఇలాంటి అంకెలు కనబడగానే చెయ్యి దురద పుడుతుంది. ప్రయాణ భత్యం బిల్లులో ఆటో ఖర్చు రోజూ సరిగ్గా వంద రూపాయలని ఉంటే ఆడిటర్ ఏం చేస్తాడు? ఓచరు అడుగుతాడు. మనిషి జ్ఞాపకం ఇంత చక్కగా పదేసి, ఇరవయ్యేసి శాతం చొప్పున మెట్లు ఎక్కుతుందంటే దానికీ ఓచరు అడగాలి కదా. ఏది గుర్తుంది? ఎవరికి? ఎన్నాళ్ళ తర్వాత? నిన్న విన్న పాటా, పదేళ్ళ కింద చదివిన ఎక్కమా? ఆ ప్రశ్నలు వేయగానే అమ్మాయి నవ్వింది. "గదే తాతా, నేను క్లాసులో అడిగితే సిలబస్‌లో లేదన్నరు."

రెండు రోజులు కూర్చుని వెతికాను. కథ ఇదీ. ఎడ్గార్ డేల్ అని అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్శిటీ ప్రొఫెసరు ఒకాయన 1946లో బోధనలో దృశ్య శ్రవణ సాధనాల వాడకం మీద పుస్తకం రాశాడు. అందులో "అనుభవాల శంకువు" అని ఒక బొమ్మ ఉంది. కింద చేతితో చేసే అనుభవాలు, పైకి పోయేకొద్దీ బొమ్మలు, చివర మాటలు. ఏ అనుభవం ఎంత ప్రత్యక్షం, ఏది ఎంత అమూర్తం అని చెప్పడం వరకే దాని పని. అందులో ఒక్క అంకె కూడా లేదు. ఇక శాతాల సంగతి. 1967లో ఒక చమురు కంపెనీ ఉద్యోగి ఫిల్ముల పత్రికలో రాసిన వ్యాసంలో ఇవి కనిపిస్తాయి. ఎక్కడి నుంచి తీసుకున్నాడో ఆయన చెప్పలేదు. ఆ తర్వాత ఎవరో ఈ అంకెలు తెచ్చి డేల్ బొమ్మకి అతికించారు. ఇలాంటి పిరమిడే ఇంకొకటి అమెరికాలోని నేషనల్ ట్రెయినింగ్ లేబొరేటరీస్ అనే సంస్థ పేరు మీద తిరుగుతోంది. వాళ్ళని అడిగితే ఇచ్చే జవాబు ఏమిటంటే, అంకెలు సరైనవేనని మా నమ్మకం, కానీ వాటికి ఆధారమైన పరిశోధన ఇప్పుడు మా దగ్గర లేదు, వెతికినా దొరకలేదు అని. ఓచరు పోయింది, బిల్లు మాత్రం పాస్ చేయండి అన్నట్టు!

ఇది చెప్తే అమ్మాయి మొహం చిన్నబోయింది. "అయితే మా మేడమ్ అబద్ధం చెప్పిందా?" అంది. లేదమ్మా, ఆవిడకీ ఎవరో ఇచ్చారు, ఆవిడ నీకు ఇచ్చింది, నువ్వు రేపు ఇంకొకరికి ఇస్తావు అన్నాను. 1995 సెప్టెంబరు 21న వినాయకుడు పాలు తాగాడని దేశమంతా గుడుల ముందు వరసలు కట్టినప్పుడు మా ఆఫీసులో కూడా సగం కుర్చీలు ఖాళీ. వెళ్ళినవాళ్ళలో ఎవరూ అబద్ధాలకోరు కాదు. పక్కవాడు చెప్పాడు, వీళ్ళు వెళ్ళారు. గుడి బయట జరిగితే మనం దాన్ని మూఢనమ్మకం అంటాం. అదే శిక్షణ కళాశాలలో జరిగితే బోధనాశాస్త్రం అని పేరు. పిల్లల్లో కొందరు చూసి నేర్చుకునేవాళ్ళు, కొందరు విని నేర్చుకునేవాళ్ళు, వాళ్ళవాళ్ళ శైలికి తగ్గట్టు చెప్పాలి అనే సిద్ధాంతం కూడా అదే ఫైలులో ఉంది. దానికి తగినంత ఆధారం లేదని 2008లోనే నలుగురు మనస్తత్వ శాస్త్రవేత్తలు సాక్ష్యాలన్నీ పరిశీలించి చెప్పారు. ఫైలుకి ఆ వార్త ఇంకా చేరలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. అంకెలు కల్పితమైతే పాల్గొని నేర్చుకోవడం అనే మాటే తప్పని కాదు. 2014లో అమెరికా సైన్సెస్ అకాడమీ పత్రికలో 225 అధ్యయనాలని కలిపి లెక్క కట్టిన పరిశోధన ఒకటి వచ్చింది. కాలేజీ సైన్సు, లెక్కల తరగతుల్లో ఉపన్యాసం మాత్రమే విన్నవాళ్ళలో సుమారు 34 శాతం తప్పితే, చర్చలు, సమస్యలు సాధించడం ఉన్న తరగతుల్లో 22 శాతం తప్పారు. ఇది ఓచరు ఉన్న లెక్క. కానీ అదే పత్రికలో 2019లో హార్వర్డ్ ఫిజిక్సు తరగతుల మీద వచ్చిన ఇంకో పరిశోధన నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. చురుకైన తరగతిలో కూర్చున్న విద్యార్థులు పరీక్షలో ఎక్కువ నేర్చుకున్నట్టు తేలింది, కానీ వాళ్ళని అడిగితే తక్కువ నేర్చుకున్నాం అన్నారు. మంచి ఉపన్యాసం సాఫీగా విన్నవాళ్ళు తక్కువ నేర్చుకుని, ఎక్కువ వచ్చిందనుకున్నారు. అంటే నేర్చుకున్నామన్న భావన వేరు, నేర్చుకోవడం వేరు.

అమ్మాయికి ఇది పుస్తకంలో కాదు, తన తరగతిలోనే ఎదురైంది.

అయిదో తరగతికి భిన్నాలు చెప్పాలి. స్మార్ట్ బోర్డు మీద ఒక పిజ్జా వస్తుంది. 1/3 పెద్దదా, 1/4 పెద్దదా అని అడుగుతుంది. పిల్లవాడు వచ్చి వేలితో తాకాలి. సరైతే చప్పట్ల శబ్దం, నక్షత్రాలు. తప్పయితే బుర్రుమని ఒక మోత. పరిశీలనకి వచ్చిన మేడమ్ వెనక బెంచీలో కూర్చుని ఉంది. పిల్లలు ఒకరిమీద ఒకరు పడి బోర్డు దగ్గరకి వచ్చారు. నేను, నేను అని చేతులెత్తారు. "కళ్ళు ఎట్ల మెరిసినయో చూడాలె తాతా" అంది అమ్మాయి. పిల్లలు అద్భుతంగా పాల్గొన్నారని మేడమ్ రాసి వెళ్ళింది.

మర్నాడు ఈమెకి అనుమానం వచ్చింది. బోర్డు ఆన్ చేయకుండా అదే ప్రశ్న నోటు పుస్తకంలో రాయమంది. 32 మందిలో 20 మందికి పైగా 1/4 పెద్దది అని రాశారు. ఎందుకు అంటే నాలుగు మూడు కన్నా పెద్దది కదా టీచర్ అన్నారు. నిన్న బోర్డు మీద సరైన జవాబు ఎలా తాకారు మరి? ఉన్నవి రెండు ముక్కలే. ఒకటి తాకితే బుర్రుమంది, రెండోది తాకితే చప్పట్లు. మూడో పిల్లవాడు వచ్చేసరికి ఏది తాకాలో అందరికీ తెలిసిపోయింది. వాళ్ళు నేర్చుకోలేదని కాదు, నేర్చుకున్నారు. బోర్డుని నేర్చుకున్నారు.

ఆ సాయంత్రం ఆమె ఇంటికి పోయి చిందీ తెచ్చింది. బట్ట కోతల్లో మిగిలే గుడ్డ పేలికలని ఇక్కడ చిందీ అంటారు, సూరత్‌లో దానికి కొదవ లేదు. ఒకే పొడవున్న పేలికలు పిల్లలకి రెండేసి ఇచ్చి, ఒకదాన్ని మూడు మడతలు, ఇంకొకదాన్ని నాలుగు మడతలు పెట్టి కత్తిరించమంది. ఒక అన్నం మెతుకు ఆడినంత సేపు తరగతి అంతా గొడవ. ఒకడికి మూడు మడతలు సమంగా రావు. ఇంకొకడు నాలుగు చేయబోయి ఎనిమిది చేశాడు. మేడమ్ గనక ఆ రోజు వచ్చి ఉంటే తరగతి అదుపులో లేదని రాసేది. వారం తర్వాత మళ్ళీ అడిగితే తప్పు రాసినవాళ్ళు తొమ్మిది మంది. తొమ్మిది మంది ఇంకా ఉన్నారని ఆమె బాధ. నాకైతే ఆ తొమ్మిదిని దాచకుండా డైరీలో రాసుకోవడమే ముచ్చటేసింది.

అయితే యంత్రాలు వద్దంటావా అని మిత్రులు అడుగుతారు. వద్దని నేను అనను. మన పక్కనే జరిగిన రెండు ప్రయోగాలు చూడండి. వడోదర మునిసిపల్ బడుల్లో 2000 తర్వాతి తొలి సంవత్సరాల్లో నాలుగో తరగతి పిల్లలకి వారానికి రెండు గంటలు కంప్యూటరు మీద లెక్కల ఆటలు ఇచ్చారు. ఏ బడికి ఇవ్వాలో చీటీ వేసినట్టు ఎంపిక చేశారు కాబట్టి పోల్చి చూడడం సాధ్యమైంది. లెక్కలు బాగా మెరుగుపడ్డాయి. తర్వాత అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లోలకి నోబెల్ వచ్చిందంటే ఇలాంటి ప్రయోగాల వల్లే. సరిగ్గా ఇదే జట్టులోని లీ లిండెన్ గుజరాత్‌లోనే జ్ఞాన్‌శాల అనే సంస్థ బడుల్లో ఇంకో ప్రయోగం చేశాడు. అక్కడ కంప్యూటరు పాఠం బడి వేళల్లో టీచరు పాఠం బదులుగా పెట్టినచోట పిల్లలు వెనకబడ్డారు. బడి అయ్యాక అదనంగా పెట్టినచోట ముందుకు పోయారు. రాష్ట్రం ఒకటే, బడులు ఒకే సంస్థవి. తేడా ఎక్కడ వచ్చిందంటే, యంత్రం దేని స్థానంలో కూర్చుందన్న దగ్గర. ఒక మంచి టీచరు గంటని తినేసిందా, లేక ఊరికే పోయే గంటని వాడుకుందా?

ఈ ప్రశ్న మన ప్రభుత్వాలు ఎప్పుడూ వేయలేదు. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లో సుమారు 2400 గ్రామాలకి టీవీ పాఠాలు పంపారు. ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి, పొద్దున పూట బడి పిల్లలకి తెలుగులోనే వచ్చేవి. ఏడాది కాగానే ఉపగ్రహం వెళ్ళిపోయింది. 1984లో బడులకి కంప్యూటర్లు, 2004లో చదువు కోసమే ఒక ఉపగ్రహం, 2017లో గుజరాత్ బడులకి జ్ఞాన్‌కుంజ్ పేరుతో స్మార్ట్ తరగతులు, అదే ఏడాది దేశమంతటికీ దీక్షా. ప్రతిసారీ డబ్బా మారింది. నేను ఆడిట్ చేసిన ఒక యూనిట్‌లో జనరేటరు మూడేళ్ళు చెక్క పెట్టెలోనే ఉంది. లెడ్జరులో ఉంది, ఓచరు ఉంది, సంతకం ఉంది, మా కాగితాల ప్రకారం అంతా సవ్యం. అది ఎన్ని గంటలు కరెంటు ఇచ్చిందని అడిగే గడి మా ఫారంలో లేదు. బడి లెక్కల్లో కూడా ఎన్ని బోర్డులు బిగించారన్న గడి ఉంటుంది, 1/4 పెద్దదని రాసిన పిల్లల గడి ఉండదు.

ఇంతవరకు నేను ఆడిటర్ కుర్చీలో కూర్చుని హాయిగా ఇతరుల తప్పులు రాస్తున్నాను. అసలు విషయం ఇప్పుడు.

హేతువాద సంఘాల్లో తిరిగే మనకి ఒక అలవాటుంది. కోవూరు, ప్రేమానంద్ దారిలో బడులకి వెళ్ళి బాబాల మహిమలు చేసి చూపిస్తాం. నాలుక మీద కర్పూరం వెలిగించడం, గాలిలోంచి విభూతి తీయడం, నిమ్మకాయ కోస్తే రక్తం రావడం. నేను కూడా చాలా చోట్ల చేశాను. ఈ అమ్మాయి ద్వారా హెడ్మాస్టరు అనుమతి తీసుకుని ఆ తెలుగు బడిలోనూ ఒక శనివారం చేశాను. కత్తికి మందార పూలు రుద్ది ఆరబెట్టి తీసుకుపోయాను. నిమ్మకాయ కోశాను, ఎర్రటి రసం కారింది. పిల్లలు కేకలు వేశారు. తర్వాత రహస్యం చెప్పాను. మందార రంగు పులుపు తగిలితే ఎర్రబడుతుంది, ఇందులో మంత్రం లేదు, ఎవరైనా చేయొచ్చు. చప్పట్లే చప్పట్లు. ముందు వరసలో ఒక పాప అయితే బెంచీ ఎక్కి గంతులు వేసింది. ఆ రోజు నేను ఇంటికి ఎంత సంతోషంగా వచ్చానో చెప్పలేను. ముప్పై రెండు మంది పిల్లలు ఇక బాబాల దగ్గరకి వెళ్ళరని మా ఆవిడతో అన్నాను.

పది రోజుల తర్వాత అమ్మాయి వచ్చి కూర్చుంది. చాయ్ తాగేదాకా ఏమీ మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. బెంచీ ఎక్కిన పాప తమ్ముడికి చలి జ్వరం. వదలకపోతే నాయనమ్మ ఇద్దరినీ తీసుకుని ఒక భూవా దగ్గరకి వెళ్ళింది (గుజరాతీలో భూతవైద్యుణ్ణి అలా అంటారు). అతను పిల్లవాడి మీద తిప్పి నిమ్మకాయ కోశాడు. ఎర్రగా కారింది. సోమవారం బడిలో పాప ఈ సంగతి చెప్తే అమ్మాయి, "మరి తాత గూడ గట్లనే చేసిండు గదా?" అని అడిగింది. పాప ఇచ్చిన జవాబు నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. "తాతది మాయ టీచర్. ఆయనది నిజం."

నేను ఆ పాపని తప్పు పట్టలేను. నేను ఏం చెప్పాను? నా కత్తికి మందార పువ్వు రాశానని చెప్పాను. ఆ పాప అది అక్షరాలా నేర్చుకుంది. నాది మాయ అని నేనే ఒప్పుకున్నాను కదా. ఎదుటివాడు ఒప్పుకోలేదు. రెండు కత్తుల్లో ఏది ఎలాంటిదో తేల్చుకునే దారి నేను చూపించలేదు. స్మార్ట్ బోర్డు చప్పట్లు కొట్టిస్తే నవ్విన నేను, అదే చప్పట్లు నాకు పడితే చదువు అనుకున్నాను. ఏ వారం తర్వాతా వెనక్కి వెళ్ళి పిల్లలని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఇన్నేళ్ళలో ఎన్ని బడులు! ఒక్కదానికీ నా దగ్గర ఓచరు లేదు.

ముందు చేయవలసిన పని అమ్మాయే చేసింది. ఆ సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళి, నాయనమ్మతో గొడవ పెట్టుకోకుండా, "నిమ్మకాయ కోసిండ్రు గదా అవ్వా, రక్తం పరీక్ష గూడ ఒకటి చేపిద్దాం" అని చెప్పి మునిసిపల్ ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయింది. మలేరియా. మందులు ఇచ్చారు, పిల్లవాడు కోలుకున్నాడు. నాయనమ్మ లెక్కలో సగం పుణ్యం భూవాకి పోయిందని వేరే చెప్పనక్కరలేదు. 2024 ఆగస్టులో గుజరాత్ శాసనసభ నరబలి, చేతబడి లాంటి వాటిని నేరం చేస్తూ చట్టం చేసింది. మంచిదే. కానీ చలి జ్వరానికి నిమ్మకాయ కోసేవాడి దగ్గరకి ఏ పోలీసూ వెళ్ళడు.

ఇదే సూరత్‌లో 1844లో ఒక బడిపంతులు ఉండేవాడు. దుర్గారామ్ మెహతాజీ. మానవ ధర్మ సభ అని పెట్టి, మంత్రగాళ్ళని, భూతవైద్యులని మీ శక్తి మా ముందు చూపించండి అని బహిరంగంగా సవాలు చేశాడు. మన గోరా గారు పుట్టకముందు యాభై ఎనిమిదేళ్ళ నాటి మాట ఇది. ఇన్నాళ్ళూ ఈయన గురించి సభల్లో గొప్పగా చెప్తూ వచ్చాను గాని, ఒక్క తేడా గమనించలేదు. ఆయన తాను చేసి చూపించలేదు. వాళ్ళని చేసి చూపించమని అడిగాడు. పిల్లలకి ఇవ్వవలసింది ఆ అడగడం. నేను ఇచ్చింది ఒక సర్కస్.

అమ్మాయి సిలబస్‌లో గిజుభాయి బధేకా ఉన్నాడు. అయిదు మార్కుల ప్రశ్న. వకీలు పని వదిలి 1920లో భావనగర్‌లో బాలమందిరం నడిపిన మనిషి. ఆయన రాసిన దివాస్వప్న అనే కథలో మాస్టరు మొదటి రోజు నిశ్శబ్దం ఆట ఆడించబోతాడు, తరగతి గోలగోల అవుతుంది, పథకం అంతా తలకిందులవుతుంది. ఇంటికి పోయి మళ్ళీ ఆలోచిస్తాడు. మేమూ అదే చేశాం.

రెండోసారి నేను ప్రదర్శన ఇవ్వలేదు. వెనక బెంచీలో కూర్చున్నాను. అమ్మాయి పిల్లలని ఆరు గుంపులుగా చేసి ఒక్కో గుంపుకి మందార పూలు, నిమ్మ చెక్క, కొంచెం పసుపు, వక్కాకులోకి వాడే సున్నం, సబ్బు నీళ్ళు, తెల్ల కాగితాలు ఇచ్చింది. ఏం చేయాలో చెప్పలేదు. దేనికి ఏది తగిలితే ఏ రంగు వస్తుందో రాసుకోమంది. కొత్త కలయిక పెట్టే ముందు ఏ రంగు వస్తుందో ఊహించి రాయాలి, అది ఒక్కటే నియమం. మొదటి పావుగంట అంతా బురద. ఒక పిల్లవాడి చొక్కా పాడైంది. తర్వాత మందారానికి సబ్బు నీళ్ళు పోస్తే ఆకుపచ్చ అవుతుందని ఒక గుంపు కనిపెట్టింది. నాకే తెలుసు అనుకున్న సంగతుల్లో అది లేదు, ఇన్నేళ్ళు కత్తికి రుద్దాను గాని సబ్బు ఎప్పుడూ పోయలేదు. పసుపులో సున్నం కలిపితే ఎర్రగా అయింది. "గిది కుంకుమ టీచర్, మా అమ్మమ్మ గిట్లనే చేస్తది" అని ఒకడు అరిచాడు. హెడ్మాస్టరు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు, కుంకుమ మాట వినగానే కొంచెం కంగారు పడ్డాడు. ఏ తల్లిదండ్రులు వచ్చి గొడవ చేస్తారోనని. ఎవరూ రాలేదు.

చివర అమ్మాయి ఒక్క ప్రశ్న వేసింది. ఒకతను కత్తితో నిమ్మకాయ కోశాడు, ఎరుపు వచ్చింది. ఎందుకు వచ్చిందో తెలుసుకోవాలంటే మీరు ఏం చేస్తారు? జవాబు కాదు, ఏం చేస్తారో రాయండి. చాలామంది, కత్తికి మందారం రాశాడు అని జవాబే రాశారు. పరీక్షలు రాసే అలవాటు అంత తొందరగా పోదు. ఏడుగురు మాత్రం చేయవలసిన పని రాశారు. వేరే కత్తితో కోస్తాం, అదే కత్తితో వంకాయ కోస్తాం, నిమ్మకాయ మన ఇంటి నుంచి తీసుకుపోతాం. బెంచీ ఎక్కిన పాప కాగితం మీద ఒకే వాక్యం. కత్తి కడిగి కోయమంటాను. రాసి ఇచ్చేటప్పుడు మాత్రం టీచరు చెవిలో అడిగింది. "కడగమంటే ఆయన కొడతడా టీచర్?"

దానికి జవాబు మా ఇద్దరి దగ్గరా లేదు. పదేళ్ళ పిల్లని అలాంటి చోట ఒంటరిగా ప్రశ్న అడగమని పంపే హక్కు నాకుందా అని ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. దుర్గారామ్ పెద్దవాడు, ఆయన వెనక ఒక సభ ఉంది. అమ్మాయి పాపకి చెప్పింది, అక్కడ అడగక్కరలేదు, ఇంటికి వచ్చి నన్ను అడుగు, నాయనమ్మని కూడా తీసుకురా అని. అంతకంటే మంచి మాట నేను చెప్పలేకపోయేవాణ్ణి.

నెలాఖరులో అమ్మాయి తన చింతన పత్రం సమర్పించింది. త్రికోణం చార్టు వేయలేదు. దాని బదులు ఆ శాతాలకి ఆధారం దొరకలేదని ఒక పేరా రాసింది. స్మార్ట్ బోర్డు పాఠం మర్నాడు ఎంతమంది తప్పు రాశారు, చిందీ తర్వాత ఎంతమంది, అంకెలతో సహా పెట్టింది. నా ప్రదర్శన గురించి కూడా "అతిథి కార్యక్రమం ఆశించిన ఫలితం ఇవ్వలేదు" అని రాసింది. చదివి నవ్వుకున్నాను, కొంచెం మండింది కూడా. పత్రం వెనక్కి వచ్చినప్పుడు ఎర్ర సిరాతో ఉంది, అనుభవాలని సానుకూలంగా వ్యక్తం చేయాలి అని. చార్టుకి ఉండే మార్కులు పోయాయి. ఆమె తోటివాళ్ళు నెట్‌లో దొరికిన చింతననే అటూ ఇటూ మార్చి రాశారు, వాళ్ళకి పూర్తి మార్కులు. ఓచరు అడుగు అని ఆమెకి నేర్పినవాణ్ణి నేను. పెన్షన్ తీసుకుంటూ ఇంట్లో కూర్చున్న నాకు పోయేది ఏమీ లేదు, మార్కులు పోయింది ఆమెకి. ఆ మాటే ఆమెతో అన్నాను. "నిజమే తాతా, పోయినయి" అంది. ఫర్వాలేదు అని మాత్రం అనలేదు.

వచ్చే విడత ఆమెకి వేరే బడి, ఈసారి గుజరాతీ మాధ్యమం. మొన్న వచ్చి ఆ బడిలో కూడా రంగుల పాఠం పెడతానంది. నేను ఎప్పుడు రావాలి అని అడిగాను.

"మీరు రాకున్నా మంచిదే తాతా. కత్తి ఒక్కటి ఇయ్యుండ్రి."

ఇచ్చాను. మందార చెట్టు మా అపార్టుమెంటు గేటు పక్కనే ఉంది, పూలు ఎన్ని కావాలంటే అన్ని కోసుకోమన్నాను.